ఒంట్లో సున్నపు చుక్కలు: రిపోర్టులో ఆ మాట కనిపిస్తే



నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్ చుట్టుపక్కల గ్రామాల్లోనూ మన సొసైటీ నడిపే వైద్య శిబిరాలకు మీరిచ్చే సొమ్ములో మంచి భాగం ఎక్స్‌రేలకు, స్కానింగులకు పోతుంది. ఆ ఫిల్ములతో వచ్చే కాగితాల మీద ఒక మాట మాటిమాటికీ కనిపిస్తూ ఉంటుంది: కాల్సిఫికేషన్. అంటే శరీరంలో ఎముకలు, పళ్లు కాని చోట కాల్షియం పేరుకుపోవడం. ఈ మాట గురించి ఈ సంచికలో రాయాలని మేము పూనుకోవడానికి కారణం మేము చేసిన ఒక పొరపాటు. ముందు అది చెప్పి, తరువాత విషయంలోకి వస్తాం.

కొన్నేళ్ల కిందట మన శిబిరానికి రొమ్ము ఎక్స్‌రే తీసే వాహనం ఒకటి హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆ పరీక్షను మామోగ్రామ్ అంటారు. బీడీలు చుట్టుకుని బతికే ఒక ఆపా, యాభై ఏళ్లకు దగ్గరలో ఉన్నది, ఇంట్లో ఎంత చెప్పినా వినకుండా వచ్చి పరీక్ష చేయించుకున్నది. వారం తరువాత కవర్లు పంచే పని మా మీద పడింది. ఆమె కవరు విప్పి మా చేతికే ఇచ్చి, "టీచర్ ఆపా, ఏం రాసిన్రు ఇండ్ల?" అని అడిగింది. చూశాం. మైక్రోకాల్సిఫికేషన్ అని ఉంది. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాం కదా, కాల్షియం అంటే మాకు తెలియనిదా! "ఏం లేదమ్మా, కొంచెం కాల్షియం పేరుకున్నదట, భయపడే పని లేదు" అన్నాం. "అయితే పాలు బంద్ చేయాల్నా?" అన్నది. "కొంచెం తగ్గించు" అన్నాం. ఆ కాగితం అడుగున బైరాడ్స్ 4 అని ఒక అంకె ఉంది. దాని అర్థం ఏమిటో మాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు.

ఒక్క నిమిషంలో రెండు తప్పులు చెప్పాం. వాటి సంగతి మళ్లీ వస్తుంది.

ఆ రోజుల్లోనే బోధన్ వైపు నుంచి ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు, వాళ్ల చాచాను వెంటబెట్టుకుని. గల్ఫ్‌కు పోవడానికి అంతా సిద్ధమయ్యాక మెడికల్‌లో అన్‌ఫిట్ అని వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన శనగగింజంత తెల్ల మచ్చ. రిపోర్టులో కాల్సిఫైడ్ గ్రాన్యులోమా అని రాశారు. ఇంట్లో అప్పటికే అతనికి గ్లాసు వేరు, పళ్లెం వేరు చేశారు. కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. ఆ పిల్లవాడు తలెత్తి మాట్లాడలేదు.

రెండు కాగితాల మీదా ఒకటే మాట. ఒకరు దాన్ని కొట్టిపారేశారు, ఒకరు దాన్ని చూసి బతుకు పోయిందనుకున్నారు. నిజం సరిగ్గా తలకిందులుగా ఉన్నది.

అసలు మెత్తటి కండలో సున్నం ఎందుకు పేరుకుంటుంది? బోధన్ వాసులకు దీన్ని చెప్పడం సులువు, ఎందుకంటే శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నీడలోనే రెండు మూడు తరాలు పెరిగాయి. 2015 డిసెంబర్‌లో మూతపడేదాకా పనిచేసిన వాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు, వాళ్లనడిగితే చెబుతారు. గానుగలోంచి వచ్చిన చెరుకు రసం మట్టి రంగులో, మురికిగా ఉంటుంది. దాన్ని వేడి చేసి సున్నపు పాలు కలుపుతారు. రసంలో సహజంగానే ఉండే ఫాస్ఫేటుతో ఆ సున్నంలోని కాల్షియం కలిసి సన్నని తరకల్లా విడిపోతుంది. ఆ తరకలు మురికిని పట్టుకుని అడుగుకు దిగుతాయి, పైన తేట రసం మిగులుతుంది. ఆ తేట రసాన్ని ఆవిరి గొట్టాలున్న పెద్ద పాత్రల్లో మరిగించి చిక్కబరుస్తారు. కొన్నాళ్లకు ఆ గొట్టాల లోపల గార కడుతుంది, కాస్టిక్ సోడా పోసి కాచి, గీకితే గాని పోదు. సున్నం ఒక్కటే. ఒకచోట అది పనిముట్టు, ఇంకొకచోట అదే అడ్డంకి.

మన ఒంట్లో పేరుకునేది కూడా ఎక్కువగా ఆ కాల్షియం, ఫాస్ఫేటు కలయికే. ఎముక కూడా దానితోనే కట్టింది. పెద్దమనిషి ఒంట్లో సుమారు కిలో కాల్షియం ఉంటుంది, అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఒక్క శాతం రక్తంలోనూ కణాల్లోనూ తిరుగుతూ గుండె కొట్టుకోవడానికి, కండ బిగియడానికి, రక్తం గడ్డకట్టడానికి పనికొస్తుంది. రక్తంలో దాని మోతాదు డెసిలీటరుకు ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మిల్లీగ్రాముల మధ్యనే ఉండాలి. గొంతులో థైరాయిడ్ వెనుక నక్కి ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు, డి విటమిన్, మూత్రపిండాలు కలిసి దీన్ని కాపలా కాస్తాయి. రక్తంలో కాల్షియం, ఫాస్ఫేటు ఎప్పుడూ పక్కపక్కనే తిరుగుతున్నా కలిసి గట్టిపడకుండా ఆపే పదార్థాలు కూడా ఒంట్లోనే ఉన్నాయి.

ఆ అదుపు రెండు రకాలుగా తప్పుతుంది. మొదటిది, ఎక్కువగా కనిపించేది, దెబ్బతిన్న చోట. కణం చచ్చిపోతే దాని గోడ తెగిపోతుంది, బయటి కాల్షియం లోపలికి చొరబడుతుంది, అక్కడున్న ఫాస్ఫేటుతో చేరి పలుకులుగా గట్టిపడుతుంది. రక్తంలో కాల్షియం ఎంతుందో పరీక్ష చేస్తే మామూలుగానే ఉంటుంది. పాత గాయం, పాత చీము, మానిన టీబీ, ఎన్నోసార్లు ఇంజెక్షన్ పొడిచిన పిరుదు, అరిగిన నరం మొదలు, వీటన్నిటి దగ్గరా ఇదే కథ. రెండవది రక్తంలోనే కాల్షియమో ఫాస్ఫేటో హద్దు మీరిపోవడం. మూత్రపిండాలు పాడైనప్పుడు, పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినప్పుడు, డి విటమిన్ మితిమీరినప్పుడు అది జరుగుతుంది. అప్పుడు దెబ్బతినని చోట కూడా, రక్తనాళాల్లో, చర్మం కింద, మూత్రపిండాల్లో సున్నం దిగుతుంది.

అబ్బాయి ఊపిరితిత్తిలోని మచ్చ మొదటి రకానిది. చిన్నప్పుడెప్పుడో టీబీ క్రిమి లోపలికి పోయి ఉంటుంది. మన దేశంలో అది చాలామందికి తెలియకుండానే జరిగిపోతుంది. ఒళ్లు దాన్ని చుట్టుముట్టి గోడ కట్టింది, లోపల చచ్చిన భాగం మీద సున్నం వేసింది. మన పెద్దలు పాము పుట్టను రాళ్లతో కప్పి సున్నం పోసినట్టు. అలా గట్టిపడిన మచ్చ సాధారణంగా ఒళ్లు గెలిచిందనడానికి గుర్తు. అయితే ఫిల్ము చూసి అంత మాట అనేయకూడదు. జ్వరం, బరువు తగ్గడం, దగ్గు ఉన్నాయా అని అడగాలి, కళ్లె పరీక్ష చేయించాలి, పాత ఫిల్ముంటే పక్కన పెట్టి చూడాలి. కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అబ్బాయికి క్రిమి లేదని తేలింది. అంతకు రెండేళ్ల ముందు దగ్గుకు తీయించిన ఎక్స్‌రే ఒకటి వాళ్లమ్మ బియ్యం డబ్బా వెనుక నుంచి తీసింది, అందులోనూ అదే మచ్చ, అంతే సైజు. డాక్టరు గారు నవ్వి, "ఇది గాయం మచ్చ బాబూ, ఇంట్లో అందరితో కలిసి తిను" అన్నారు.

గల్ఫ్ మాత్రం పోలేకపోయాడు. ఆ దేశాల వైద్య నియమాల్లో పాత టీబీ గుర్తు కనిపించినా, అది మానిపోయిందైనా, అనర్హతే. అది వాళ్ల వీసా నియమం, జబ్బు ఉన్నదని చెప్పే తీర్పు కాదు. ఈ తేడా మన జిల్లాలో ప్రతి ఇంటికీ తెలియాలి. ఏటా ఎందరో పిల్లలు ఆ అన్‌ఫిట్ కాగితంతో తిరిగొచ్చి రోగి ముద్రతో ఊళ్లో తలదించుకుంటున్నారు. ఇంకొక మాట. ఏజెంటుకు పైకం కట్టే ముందు, పొలం కుదువ పెట్టే ముందు, ఒక్క ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే నష్టం అక్కడితో ఆగుతుంది.

ఇక ఆపా సంగతి. రొమ్ములో కనిపించే సున్నపు చుక్కల్లో చాలావరకు హాని లేనివే. వయసు మీద పడ్డ కొద్దీ అవి ఎక్కువవుతాయి. పెద్దగా, ముతకగా ఉన్నవి, పేలాల్లా విచ్చుకున్నవి పాత గడ్డలు ఎండిపోయినవి. రెండు సమాంతర గీతల్లా ఉన్నవి రక్తనాళం గోడల మీదివి. గుండ్రంగా, అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉన్నవీ సాధారణమే. డాక్టర్లు జాగ్రత్త పడేది మరో రకానికి. పంచదార పలుకులో సగం కూడా ఉండని సన్నని రవ్వలు, ఒకేచోట గుంపుగా, ఒకదానితో ఒకటి పోలిక లేకుండా, లేదా ఒక గీతగా సాగి కొమ్మలు వేసినట్టు ఉంటే అనుమానించాలి. ఎందుకంటే పాల నాళం లోపల క్యాన్సర్ కణాలు వేగంగా కిక్కిరిసినప్పుడు మధ్యలో ఉన్నవాటికి రక్తం అందక చచ్చిపోతాయి. చచ్చిన చోట సున్నం దిగుతుందని పైన అనుకున్నాం కదా. ఆ సున్నం నాళం ఆకారాన్నే పట్టుకుంటుంది, అచ్చులో పోసినట్టు. కాల్షియం వల్ల క్యాన్సర్ రాలేదు. లోపల జరుగుతున్నదాన్ని కాల్షియం బయటపెట్టింది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ అనే శస్త్రవైద్యుడు 1913లోనే, కోసి తీసిన రొమ్ములకు ఎక్స్‌రే తీసి ఈ చుక్కలను చూశాడు. చేతికి గడ్డ తగలకముందే ఇవి కనిపించడమే మామోగ్రామ్ గొప్పతనం. ఇంత సన్నని రవ్వలు అల్ట్రాసౌండ్‌లో సరిగ్గా కనబడవు, కాబట్టి "స్కానింగ్ చేయించాం, ఏం లేదన్నారు" అంటే మామోగ్రామ్ చేయించినట్టు కాదు.

బైరాడ్స్ అనేది రిపోర్టు రాసే డాక్టరు ఇచ్చే అంకె. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది హానిలేనిదే, 3 అంటే దాదాపు హానిలేనిదే కానీ ఆరు నెలలకు మళ్లీ చూడాలి. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి పరీక్షించాలి. 5 అంటే అనుమానం గట్టిది. సున్నా వస్తే సంతోషించకూడదు, పరీక్ష ఇంకా పూర్తికాలేదు, మళ్లీ రండి అని దాని అర్థం. 6 అంటే క్యాన్సర్ అని ముందే తేలినవారిది. 4 వచ్చి బయాప్సీకి వెళ్లినవారిలోనూ ఎక్కువమందికి క్యాన్సర్ కాదనే తేలుతుంది. అయినా తేల్చుకోవాల్సిందే.

మా ఆపా తేల్చుకోలేదు, ఎందుకంటే మేము భయం లేదన్నాం. తొమ్మిది నెలలకు మరో శిబిరంలో కాళ్ల నొప్పికి వచ్చి, పాత కవరు కూడా సంచిలో తెచ్చుకుంది. లేడీ డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పట్టి, మా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటికి చేతికి గింజంత గడ్డ తగులుతున్నది. హైదరాబాద్ తీసుకుపోయాం. మామోగ్రామ్ చూసుకుంటూనే చుక్కలున్న చోటికి సూది పంపి ముక్క తీశారు. తీసిన ముక్కకు మళ్లీ ఎక్స్‌రే తీసి, చుక్కలు అందులోకి వచ్చాయో లేదో సరిచూసుకున్నారు. పాల నాళం గోడ దాటిందని తేలింది. నాళంలోనే ఉండగా పట్టుకుని ఉంటే ఆపరేషన్‌తో, కొందరికి దానికి తోడు రేడియేషన్‌తో సరిపోయేది. ఆమెకు ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ పట్టాయి. ఆరోగ్యశ్రీ కింద చికిత్స జరిగింది, అల్హందులిల్లాహ్. మందుల పైఖర్చు, ప్రయాణాలు, ఇంట్లో ఆగిపోయిన బీడీల కూలి మన సొసైటీ చూసుకున్నది. తొమ్మిది నెలలను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

మా రెండో తప్పు పాల గురించి. కాల్సిఫికేషన్ అని రాగానే ఇంట్లో మొదట ఆగేది పాలు, తరువాత కాల్షియం మాత్రలు. పాలు తాగినందుకు రొమ్ములోనో ఊపిరితిత్తిలోనో చుక్కలు పడవు. తినే కాల్షియం తగ్గితే ఒళ్లు ఊరుకోదు, ఎముకల్లోంచి తవ్వుకుంటుంది, నడివయసు దాటిన ఆడవాళ్లకు అదే పెద్ద ముప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో విడుదల చేసిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఒక గ్లాసు పాలల్లో దొరికేది అందులో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ. మన బస్తీల్లో పాలు చాయ్‌లో రంగు మార్చడానికే సరిపోతాయి, ఇక ఎక్కువయ్యేదెక్కడ! రాగులు, నువ్వులు, ఆకుకూరలు తినమని చెప్పాల్సింది పోయి తగ్గించమన్నాం.

అలాగని సున్నం ప్రతిచోటా అమాయకమైనది కాదు. షుగర్ ముదిరిన వారి కాలి ఎక్స్‌రేలో రక్తనాళాలు రైలు పట్టాల్లా తెల్లగా కనిపిస్తాయి. గుండె నాళాల్లో సున్నం ఎంతుందో సీటీ స్కాన్‌తో లెక్కగడతారు, ఆ లెక్క పెరిగిన కొద్దీ గుండెపోటు ముప్పు పెరుగుతుంది. దానికి మందు పాలు మానడం కాదు, బీడీ, సిగరెట్ మానడం, షుగర్, బీపీ, కొవ్వు అదుపులో పెట్టుకోవడం. డయాలిసిస్ మీద ఉన్నవారికి ఫాస్ఫేటు బయటకు పోదు, అందుకే అన్నంతో పాటు మింగమని మాత్రలు ఇస్తారు. ఖరీదని వాటిని ఎగ్గొట్టే వాళ్లను మేము ఎరుగుదుము. దాతల సాయం అలాంటి చోట సూటిగా పనిచేస్తుంది. మరోటి, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి డి విటమిన్ ఇంజెక్షన్లు వెంటవెంటనే పొడిపించుకునే అలవాటు మనలో బాగా ఉన్నది. పర్దాలో ఉండే మన ఆడవాళ్లకు ఎండ తక్కువ, డి విటమిన్ తక్కువ, నిజమే. కానీ రక్తం పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మోతాదులోనే తీసుకోవాలి. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకే ఎసరు.

భుజం నరంలో పేరుకునే సున్నానికి మాత్రం ఒక విచిత్రమైన గుణం ఉంది. అది కరగడం మొదలుపెట్టినప్పుడే నొప్పి భరించరానిదవుతుంది. రాత్రంతా నిద్రపోనివ్వని ఆ నొప్పి చాలామందిలో నయమవుతున్నదనడానికి గుర్తు. షుగర్ ఉన్నవారిలో ఇది ఎక్కువ.

సున్నం ఊళ్లకు ఊళ్లనే వంచిన కథ కూడా మన తెలుగు నేలలోనే ఉన్నది. ఫ్లోరైడ్ ఎక్కువైన బావి నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకను ఎముకతో కట్టే నారలే సున్నం పట్టి బిగుసుకుపోతాయి, వెన్ను వంగదు, మెడ తిరగదు. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు వైపు పల్లెల్లో వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. మన నల్గొండ జిల్లా గురించి డాక్టర్ ఎ. హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసి ప్రపంచం దృష్టికి తెచ్చారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఆ నీటిని బాగుచేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టిన నల్గొండ పద్ధతిలో పటిక, బ్లీచింగ్ పౌడరుతో పాటు కలిపేదేమిటో తెలుసా? సున్నమే. బోరు వేయించి దానం చేసే దాతలు ఆ నీటికి ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష కూడా చేయించాలని మా మనవి.

శిబిరాల్లో మేము చేసిన మార్పు చెప్పి ముగిస్తాం. ఇప్పుడు కవర్లు చేతికిచ్చి పంపడం లేదు. డాక్టరు కూర్చుని, ఒక్కొక్కరితో మాట్లాడాకే కవరు ఇస్తారు. 0, 3, 4, 5 వచ్చిన వారి పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకుని, రాని వారి ఇంటికి మేమే వెళుతున్నాం. శిబిరానికి కేటాయించిన సొమ్మంతా మొదటి పరీక్షకే ఖర్చు పెట్టకుండా రెండో పరీక్షకు, బయాప్సీకి, హైదరాబాద్ ప్రయాణానికి కొంత పక్కన పెడుతున్నాం. దీనివల్ల ఒక్కో శిబిరంలో పరీక్ష చేయించే వారి సంఖ్య తగ్గింది. నివేదికలో ఆ అంకె చూసి కొందరు దాతలు ప్రశ్నించారు కూడా, వారికి ఈ వ్యాసమే మా జవాబు.

ఆ ఆపా మళ్లీ బీడీలు చుడుతున్నది. శిబిరం రోజున మాత్రం పని మానుకుని వచ్చి మా బల్ల దగ్గరే కూర్చుంటుంది. వరుసలో వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఒకటే అడుగుతుంది: "పాత ఫిల్ము ఉన్నదా? ఇంటికి పోయి తీస్కరా, నేను నీ జాగ పట్టుకుంటా."